బల్ల మీద హెలికాప్టర్

మా తర్వాతి బ్యాచ్‌ల వాళ్లు ఎక్కడ కలిసినా అడిగేది ఒకటే: "అన్నా, ఆ రిమోటు హెలికాప్టర్ ఎంత ఎత్తు ఎగిరేది?" ఎత్తు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మనిషి తల ఎత్తున గాలిలో కదలకుండా నిలబడిందంటే ఆ ఆదివారం మాకు పండుగే. దాని బతుకంతా ఫిజిక్స్ ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మీద గడిచింది. ఎగరడం ఐదారు నిమిషాల ముచ్చట, బల్ల మీద పని వారాల తరబడి. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

మల్కాపురం నుంచి వచ్చే నా బెంచీ మిత్రుడికి వాళ్ల మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన కిట్టు అది. 450 తరగతి (మోడల్ హెలికాప్టర్లలో ఒక సైజు), 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు రెండు, బరువు ముప్పావు కిలో. బొమ్మ అనుకుని మాస్టారు మొదట నవ్వారు. తర్వాత ఆయనే బోర్డు మీద లెక్క కట్టించారు. రోటరు వ్యాసం 70 సెంటీమీటర్లు, నిమిషానికి 2,800 చుట్లు. బ్లేడు కొస వేగం గంటకు సుమారు 370 కిలోమీటర్లని తేలింది. మర్నాడే మైదానంలో సున్నంతో గీత పడింది. రిమోటు పట్టుకున్నవాడు తప్ప ఎవరూ దాన్ని దాటకూడదు.

బల్ల మీద మొదటి పని పళ్ల చక్రాలది. మోటారు కొసనున్న చిన్న చక్రం పినియనుకూ పెద్ద చక్రానికీ మధ్య సందు ఎంతుండాలి? నోటుపుస్తకం కాగితం ముక్క చింపి మధ్యలో పెట్టి, రెండింటినీ దగ్గరకు నొక్కి మర బిగించి, కాగితం లాగేస్తే సరి. లోహానికి లోహం తగిలే ప్రతి మరకూ బొట్టు జిగురు పెట్టాలి, ప్లాస్టిక్‌కు మాత్రం తగలనివ్వకూడదు, చిట్లిపోతుంది. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని పొడి ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టి ఛార్జి చేసేవాళ్లం. సెల్లుకు 4.2 వోల్టులు దాటినా ప్రమాదమే, 3కు దిగినా అది పాడైనట్టే.

అసలు రుచి ట్రాకింగ్‌లో ఉంది. రెండు బ్లేడ్లూ ఒకే తలంలో తిరగాలి. ఒక కొసకు ఎర్ర టేపు, రెండో కొసకు నీలం టేపు అంటించి, రోటరు వేగం అందుకున్నాక గీత ఇవతల వంగి కంటికి సమానంగా చూడాలి. ఎరుపు పైన, నీలం కింద కనబడితే ఎర్ర బ్లేడు కోణం ఎక్కువైందని అర్థం. మోటారు ఆపి, ఆ బ్లేడు కోణం మార్చే లింకును ఒక చుట్టు తిప్పి, మళ్లీ చూడాలి. రెండు రంగులూ కలిసిపోయి ఒకే గీతగా మారిన క్షణంలో మోత కూడా మారిపోతుంది, గరగర పోయి సన్నని ఈల మిగులుతుంది. చెవితోనే పట్టేయగలిగినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడే. ఇప్పుడు వాడు పళ్ల డాక్టరు!

ట్రాకింగ్ కుదరకపోతే, తోక పక్కకు తిరగకుండా నిలిపే గైరో కూడా కుదరదు. వణుకు పుడితే అది తికమకపడుతుంది. దాని గెయిన్, అంటే స్పందన తీవ్రత, ఎక్కువైతే తోక వేగంగా కొట్టుకుంటుంది, తక్కువైతే మెల్లగా పక్కకు జారుతుంది. కొట్టుకునే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించడమే మా పద్ధతి. రిమోటు ఆదేశాన్ని తిరిగే బ్లేడ్ల కోణానికి అందించే స్వాష్ ప్లేటు సంగతి మరీ విచిత్రం. ముక్కు దించాలంటే బ్లేడు కోణం ముందువైపు కాక, తొంభై డిగ్రీలు ముందుగా పక్కవైపున మారాలి. ఎవరికీ నమ్మకం కలగలేదు. మాస్టారు సైకిల్ చక్రం ఇరుసును రెండు చేతులా పట్టించి, గిర్రున తిప్పి, వంచమన్నారు. వంచిన వైపు కాకుండా అది పక్కకు మెలిక తిరిగేసరికి వాదన ఆగిపోయింది.

గాలిలో నిలిచినప్పుడు మా హెలికాప్టర్ కుడికి కాస్త వాలేది. లోపమని రిమోటు మీద ట్రిమ్ములు (చిన్న సవరణ మీటలు) తిప్పేవాళ్లు చాలామంది. లోపం కాదది. పైనుంచి చూస్తే రోటరు సవ్యదిశలో తిరిగితే ఒళ్లు ఎదురు దిశలో తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక రోటరు తోకను ఎడమకు నెడుతుంది, ఆ నెట్టుడుకు యంత్రం మొత్తం ఎడమకు జారుతుంది. జారకుండా ఉండాలంటే కుడికి వాలాల్సిందే. డిసెంబర్ 4న నేవీ డేకి ఆర్కే బీచ్‌లో జనమంతా తాడు పట్టుకు దిగే కమాండోలను చూస్తుంటే, మేం నేవీ హెలికాప్టర్లలో చేతక్ రోటరు సవ్యంగా, సీ కింగ్ రోటరు అపసవ్యంగా తిరుగుతుందని ఒకరితో ఒకరం వాదించుకునేవాళ్లం. కింద నుంచి చూస్తాం కాబట్టి తిరగేసి లెక్కపెట్టుకోవాలి. ఆ తిరగేయడంలోనే సగం గొడవలు!

విశాఖలో ఈ విద్యకు శత్రువు సముద్రం. పొద్దెక్కితే తూర్పు గాలి లేస్తుంది, అందుకే తెల్లవారి మాత్రమే ఎగరేసేవాళ్లం. ఉప్పు గాలికి బేరింగులు తుప్పు పడతాయి, నూనె చుక్క వేయని వారం ఉండేది కాదు.

ఇప్పటి డ్రోన్లు తమంతట తామే నిలబడతాయి, చూడటానికి ముచ్చటే. వాటిలో విప్పి సర్దుకోవడానికి ఏమీ మిగల్చలేదన్నది నా ఫిర్యాదు.

కిట్టు ఇంకా నా మిత్రుడి దగ్గరే ఉంది. పూర్వ విద్యార్థుల కలయిక రోజున తెస్తానన్నాడు. విమానాశ్రయం, నౌకాదళ స్థావరం ఉన్న ఊరు కాబట్టి 2021 డ్రోన్ నిబంధనల పటం చూడకుండా మైదానంలో ఎగరేయం. ల్యాబ్ బల్ల మీద పెడతాం. స్వాష్ ప్లేటు కదిలించి చూడాలనుకునే పిల్లలు రావచ్చు. అలెన్ కీలు నేను తెస్తాను. బ్లేడ్లు మాత్రం విప్పే ఉంచుతాం.