చీర కాస్తా ‘చ’ అయింది: వర్డ్‌ప్రెస్‌లో తెలుగు లింకుల తంటా

హైదరాబాద్‌లో పెడుతున్న పోచంపల్లి చీరల షాపు సైట్‌కి వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్), దానికి అమ్మకాలు జోడించే వూకామర్స్ ఖాయం చేసేద్దాం అనుకునే సరికి తెలుగు లింకులు మొరాయించాయి. ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు చీర ఎరుపు’ అని ప్రొడక్ట్ ఎక్కిస్తే స్లగ్ (లింకు చివర వచ్చే పేరు) ‘పోచంపల్లి-ఇక్కత్-పట్టు-చ’ దగ్గర తెగిపోయింది. నీలం చీరకి ‘చ-2’, ఆకుపచ్చకి ‘చ-3’. రంగు పేరు ఒక్క లింకులోనూ లేదు. తెలుగులో వ్యాపారం చేసే సైట్‌కి ఇది చిన్న విషయం కాదు.

మిగతావి సాఫీగా కుదిరాయి. చెల్లింపులకి రేజర్‌పే ప్లగిన్‌తో యూపీఐ మొదటి దెబ్బకే పనిచేసింది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కి లైన్ హైట్ 1.7 ఇస్తే వత్తులు కింది వరుసకి తగలడం ఆగింది. పేజీలు డిజైన్ చేసే ఎలిమెంటర్ ప్లగిన్ జోలికి వెళ్లలేదు, ఇంత చిన్న షాపుకి బ్లాక్ థీమ్ చాలు.

ఇక స్లగ్ సంగతి. ముందు అనుమానం వెబ్ సర్వర్ ఎన్జిన్ఎక్స్ మీద. కానీ డేటాబేస్ చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పోస్ట్స్ టేబుల్ తెరిచి పోస్ట్ నేమ్ కాలమ్ చూస్తే అక్కడే తెగి ఉంది, పొడవు 192. అంటే సేవ్ అయ్యేటప్పుడే కత్తెర పడుతోంది. కారణం లెక్కలో దొరికింది. కంప్యూటర్ అక్షరాల్ని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. వర్డ్‌ప్రెస్ ఒక్కో బైట్‌ని శాతం గుర్తు, దాని వెనక రెండు అంకెలుగా రాసి దాచుతుంది. అంటే కోడ్‌కి 9 స్థానాలు. మొత్తం హద్దు 200. పైగా గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా దేనికది విడి కోడ్. కంటికి ‘చీర’ రెండక్షరాలే, లెక్కలో చ, గుడిదీర్ఘం, ర కలిపి మూడు.

పోచంపల్లి 9, ఇక్కత్ 6, పట్టు 5, వెరసి 20 కోడ్‌లు, 180 స్థానాలు. మధ్యలో ఖాళీలు మూడు, 183. ‘చ’ వేస్తే 192. గుడిదీర్ఘం వేస్తే 201, హద్దు దాటింది కాబట్టి అక్కడే ఆపేసింది. ఏ తెలుగు శీర్షికైనా 22 కోడ్‌లు మించి పట్టదు.

ఇంకో చిక్కు కీబోర్డుది. కొన్ని కీబోర్డులు ‘ఇక్కత్’ చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనబడని గుర్తు పెడతాయి. దానికీ 9 స్థానాలు పోతాయి. అప్పుడు ‘చ’ కూడా పట్టదు, స్లగ్ ‘పట్టు’ దగ్గరే ఆగుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లకి రెండు రకాల లింకులు రావడం దీనివల్లే.

కాలమ్‌ని 200 నుంచి 600కి పెంచి మళ్లీ సేవ్ చేస్తే అదే 192. కోత డేటాబేస్‌లో కాదు, వర్డ్‌ప్రెస్ కోడ్‌లోని పీహెచ్‌పీ ఫంక్షన్‌లో ఉంది, 200 అని నేరుగా రాసేశారు. ఆ ఫంక్షన్‌ని తప్పించి సొంతది తగిలిస్తే పేరంతా వచ్చింది, 256 స్థానాలు. అయితే ఒకే పేరుతో రెండో ఎరుపు చీర ఎక్కించగానే మళ్లీ ‘చ-2’! నకిలీ స్లగ్‌లకి అంకె తగిలించే ఫంక్షన్‌లోనూ అదే 200 ఉంది, అంకెకి చోటు కోసం 198కి కోస్తుంది. పైగా డేటాబేస్ అప్‌గ్రేడ్ నడిచినప్పుడు వర్డ్‌ప్రెస్ తన పట్టికతో పోల్చి కాలమ్‌ని 200కి తెచ్చే ప్రమాదం ఉంది. ఈ దారి వదిలేయడమే మేలు.

వర్డ్‌ప్రెస్ లాంటివే జూమ్లా, డ్రూపల్, ఘోస్ట్ కూడా చూశా. ఈ ఒక్క విషయంలో జూమ్లా చాలా నయం. యూనికోడ్ ఎలియాస్ (అక్కడ స్లగ్‌ని ఎలియాస్ అంటారు) ఆన్ చేస్తే తెలుగుని తెలుగుగానే దాచుతుంది, కాలమ్ 400. ఆఫ్‌లో ఉంటే మాత్రం తెలుగు పేరు బదులు తేదీ, సమయం వచ్చి కూర్చుంటాయి. డ్రూపల్‌లో పాథ్ఆటో అనే మాడ్యూల్ పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చగలదు, కానీ ఒక్క షాపుకి డ్రూపల్ బరువెక్కువ. ఘోస్ట్ పత్రికలకి బాగుంటుంది, దాన్లో కార్ట్ లేదు. రేపు సైట్ చూసుకోవాల్సింది షాపువాళ్లే. అమీర్‌పేటలో వర్డ్‌ప్రెస్ నేర్చుకున్న కుర్రాళ్లు సులువుగా దొరుకుతారు, జూమ్లా వచ్చినవాళ్లని వెతుక్కోవాలి. సీఎంఎస్ (సైట్ నడిపే ఇలాంటి సాఫ్ట్‌వేర్) ఎంపికలో నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన లెక్క ఇదే.

అందుకని వర్డ్‌ప్రెస్సే. శీర్షిక తెలుగులో, స్లగ్ ఇంగ్లిష్ అక్షరాల్లో, చివర చీర కోడ్: ikkat-pattu-101 తరహాలో. రంగులని ఒకే ప్రొడక్ట్ కింద వేరియేషన్లుగా పెట్టడం మగ్గం చీరలకి కుదరదు, ఒక్కో చీర ఒక్కటే పీస్, స్టాక్ 1. వాట్సాప్‌లో పంపినా లింకు ఒక్క వరుసలో సరిపోతుంది, శాతం గుర్తుల తోరణం ఉండదు. ఇప్పటికే పబ్లిష్ చేసినవాటిని ఎడిటర్‌లోగానీ డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్) పోస్ట్ అప్‌డేట్‌తోగానీ మార్చాలి. అప్పుడు వర్డ్‌ప్రెస్ పాత స్లగ్ గుర్తుపెట్టుకుని 301 రీడైరెక్ట్ ఇస్తుంది, అంటే పాత లింకు నొక్కినా కొత్తదానికి పంపుతుంది. నేరుగా ఎస్‌క్యూఎల్‌తో మారిస్తే పాత లింకులన్నీ 404, పేజీ దొరకదు.

కేటగిరీ స్లగ్‌లకీ ఇదే 200 హద్దు, ‘చేనేత చీరలు’ లాంటివి పడతాయి గానీ అవి కూడా మార్చేస్తా. వూకామర్స్ యాట్రిబ్యూట్ (రంగు లాంటి లక్షణం) స్లగ్ హద్దు ఇంకా తక్కువ, 28. తర్వాత పాలీలాంగ్ అనే భాషల ప్లగిన్‌తో ఇంగ్లిష్ పేజీలు, ఆపైన ఉర్దూ. ఉర్దూకి కుడి నుంచి ఎడమకి లేఅవుట్ తిప్పాలి, థీమ్ తట్టుకుంటుందో లేదో ముందు కార్ట్ పేజీ మీద చూడాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, ఇప్పుడు ముంబైలో ఉన్న సర్వర్‌ని అక్కడికి మార్చి రెండింటి వేగం పోల్చాలి.