గోంగూర1962

నిన్న రాత్రి బెజవాడ నుంచి తిరిగొచ్చాను. అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. మళ్లీ ఎవరైనా అడిగితే నోటితో చెప్పే ఓపిక లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

మాది తెనాలి. బళ్లో తెలుగు చెప్పి చెప్పి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. మా 1978 పదో తరగతి బ్యాచి వాళ్లం ఒక సంచిక వేద్దామనుకున్నాం. వ్యాసాలు ఏరడం, ఫొటోలు పోగెయ్యడం నాకు అప్పగించారు. "తెలుగు టీచరువి కదా!" అన్నారు. డబ్బులడగదు అని దాని అర్థం.

మొత్తం 112 ఫొటోలు తేలాయి. బెజవాడలో మా సంచిక పేజీలు కట్టే డీటీపీ కుర్రాడికి ఒక పది వాట్సాప్‌లో మామూలుగా పంపితే, "ఇవి అచ్చుకి పనికిరావు మేడం, మసకేసిపోతాయి. అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, జిప్ చేసి, డాక్యుమెంటుగా పంపండి" అన్నాడు. అదేదో పచ్చడి రుబ్బి పంపండి అన్నంత తేలిగ్గా.

జిప్ అంటే చాలా ఫైళ్లని ఒకే ఫైలుగా కట్టిన కట్ట. దాన్ని తెరవడం నాకు అప్పటికే వచ్చు. డల్లాస్ నుంచి మా అమ్మాయి తన దగ్గరున్న పాత ఆల్బమ్ స్కాన్ చేసి అలాగే పంపింది. ఫోన్లో ఫైల్స్ బై గూగుల్ యాప్ తెరిచి, డౌన్‌లోడ్స్‌లో ఆ ఫైలు మీద నొక్కి, ఎక్స్‌ట్రాక్ట్ అంటే విచ్చుకుంది. అంతే. ఒక్క మాట మాత్రం చెప్తాను. విప్పాక "జిప్ ఫైలు తీసెయ్యమంటారా" అని చిన్న గడి కనిపిస్తుంది. ఫొటోలన్నీ ఒకసారి చూసుకునేదాకా దాన్ని టిక్ చెయ్యకండి. కట్ట ఉంటుంది, విప్పిన సరుకూ ఉంటుంది కాబట్టి ఫోన్లో రెండింతల చోటు కావాలి. నా ఫోన్ "స్టోరేజ్ లేదు" అని ఏడిస్తే, మా వాళ్లు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పువ్వులన్నీ ఊడ్చేశాను. ఆ వంకన ఒక మంచి పని జరిగింది.

ఒక క్లాస్‌మేట్ మటుకు ఆర్‌ఏఆర్ అనే రకం కట్ట పంపాడు. దానికి జెడ్‌ఆర్కైవర్ అనే యాప్ వేసుకోమని మా మేనల్లుడు చెప్పాడు. అతను చెప్పేలోపే నేను ప్లేస్టోర్‌లో వెతికి వేరేదేదో దించుకున్నాను. అది ఒక్కో ఫొటోకి ఒక ప్రకటన చూపించి, చివరికి నా ఫోన్‌కి జబ్బు చేసిందని బెదిరించింది. మీరు ఆ తప్పు చెయ్యకండి. ఇంకో మాట. వాట్సాప్‌లో ఎవరో తెలియనివాళ్లు పంపిన "పెళ్లి శుభలేఖ" చివర ఏపీకే అని ఉంటే దాని జోలికే పోవద్దు. అది కట్టా కాదు, కార్డూ కాదు. బ్యాంకు ఖాతా ఊడ్చే యాప్.

ఇక కట్ట కట్టడం. జెడ్‌ఆర్కైవర్‌లోనే ఫోల్డర్ మీద వేలు కాసేపు నొక్కి ఉంచి, కంప్రెస్ అంటే అయిపోయింది. 340 ఎంబీ ఫోల్డర్ 337 ఎంబీ జిప్ అయింది. ఇదేమిటి, కుదించడమంటే ఇంతేనా అని మేనల్లుడికి ఫోన్ చేశాను. "జేపీజీ ఫొటో అప్పటికే కుదించి ఉంటుంది అత్తా, ఇంకేం కుదురుతుంది?" అన్నాడు. నాకు వెంటనే వెలిగింది. ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠమే ఇది. "రాముని యొక్క బాణం"ను "రామబాణం" చేస్తే సమాసం. విగ్రహవాక్యం చెప్పమంటే ఎప్పటి మాటలు అప్పటిలాగే తిరిగొస్తాయి, ఏదీ పోదు. జిప్ చేసేది అదీ. వాట్సాప్ ఫొటోకి చేసేది లోపం, అంటే అక్షరం ఊడిపోవడం. పోయింది పోయినట్టే. రామబాణాన్ని తెచ్చి ఇంకా సమాసం చెయ్యమంటే ఏం చేస్తాం? ఉత్త రాతైతే మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది. ఒకసారి వచ్చిన ముక్క మళ్లీ వస్తే, దాన్ని తిరిగి రాయకుండా "వెనక ఫలానా చోట ఉంది చూసుకో" అని గుర్తు పెట్టుకుంటుందట. మా వాడొకడి వ్యాసంలో ప్రతి పేరాకీ "ఆ రోజులే వేరు" అని ఉంది. అది చారెడు సరుకు చిటికెడైంది. వ్యాకరణంతో పోల్చి ఇలా చెప్తే మేనల్లుడు, "మా సార్లు ఇలా చెప్పుంటే నాకు ఇంకో పది మార్కులు వచ్చేవి" అన్నాడు. రాసుకోదగ్గ మాటే కాబట్టి రాశాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నా బుద్ధి అక్కడితో ఆగలేదు. కట్ట కట్టేటప్పుడు "పాస్‌వర్డ్" అని ఒక ఖాళీ కనిపించింది. అందరి ఇళ్లలోని ఫొటోలు, దారిలో ఎవరైనా చూస్తేనో? గోంగూర అని ఇంగ్లీషులో కొట్టి, మొదటి అక్షరం పెద్దది చేసి, పక్కన నేను పుట్టిన 1962 చేర్చాను. కింద తాళం రకం ఎంచుకోమంటే రెండు కనిపించాయి. ఒకదానికి ఏఈఎస్-256 అని ఉంది. అంకె పెద్దది, తాళం గట్టిదై ఉంటుందని అదే నొక్కాను. నా కొంప ముంచింది ఆ నొక్కుడే.

మొదటి రోజు కుర్రాడు ఫోన్ చేసి, "ఫైలు కరప్ట్ అయింది మేడం, పేర్లన్నీ పిచ్చిపిచ్చిగా ఉన్నాయి" అన్నాడు. మళ్లీ పంపాను. రెండో రోజు, "పాస్‌వర్డ్ తప్పు మేడం, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి" అన్నాడు. ఆ "గుర్తు తెచ్చుకోండి"లో ఉన్న ఓర్పు నాకు నచ్చలేదు. మతిమరుపు ముసలమ్మతో మాట్లాడే గొంతు అది. మూడో రోజు, అంటే నిన్న, రైలెక్కాను. అడ్వాన్స్ ఇవ్వాలని మా కోశాధికారి కూడా వెంట వచ్చాడు. ఆయనా మా బ్యాచే. నన్ను "పంతులమ్మా" అని ఏడిపిస్తుంటాడు.

ఆ డీటీపీ సెంటర్‌లో పేజీలు కట్టే పేజ్‌మేకరూ, తెలుగు అక్షరాల అను ఫాంట్లూ నడవాలని పాత విండోస్ 7 మిషన్ ఒకటి ప్రాణంలా దాచుకున్నారు. చుట్టూ శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల వాళ్లు. కుర్రాడు నా ఫైలు తెరిచాడు. 112 పేర్లూ కనిపించాయి గానీ ఒక్కటీ తెలుగులో లేదు. గీతలూ, కొమ్ములూ, టోపీలు పెట్టుకున్న ఏవో పరాయి అక్షరాలూ. ఒకదాని మీద నొక్కితే ఏదో ఎర్రర్ అంకె చూపించి ఆగిపోయింది.

"చూశారా మేడం? పాస్‌వర్డ్ తప్పు."

"ఎర్రర్ అంది గానీ తప్పు అనలేదుగా బాబూ?"

"రెండూ ఒకటే మేడం. పాస్‌వర్డ్ ఏంటన్నారు?"

చెప్పాను. "ఏంటి మేడం?" అన్నాడు, పక్కన ప్రింటర్ చప్పుడు. గొంతు పెంచి చెప్పాను. "జి పెద్దదా, చిన్నదా? గోంగూరలో ఊకి యూనా, రెండు ఓలా?" అని అడిగాడు. ఓనర్ అక్కడి నుంచే "రెండు ఓలు కొట్టి చూడరా" అన్నాడు. శుభలేఖ ప్రూఫు దిద్దుకుంటున్న పెద్దాయన, "పుల్ల గోంగూరా, ఎర్ర గోంగూరా అమ్మా?" అన్నాడు. షాపంతా నవ్వు. మా కోశాధికారి నవ్వు అందరికంటే పెద్దది. ఆరుసార్లు కొట్టించాను, ఆరుసార్లూ ఎర్రరే. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మేడం, పెన్‌డ్రైవ్‌లో తెచ్చేస్తే పోయేదిగా" అన్నాడు ఓనర్. జిప్ చేసి పంపమన్నది వాళ్లు! నా పాస్‌వర్డ్ కరెక్టని ఆ గదిలో నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, ఆరోసారికి నాకూ అనుమానం వచ్చింది. అదే ఎక్కువ బాధ.

మేనల్లుడికి ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టాను.

"ఏ తాళం పెట్టావత్తా?"

"ఏదో 256."

"ఇంకేం! జిప్‌లో రెండు రకాల తాళాలుంటాయి. ఆ పాత విండోస్ సొంతంగా విప్పగలిగింది పాత రకం ఒక్కటే. ఏఈఎస్ దానికి తెలియదు. నీ పాస్‌వర్డ్ లక్షణంగా ఉంది. సెవెన్-జిప్ అనే ప్రోగ్రాం వేసుకోమను, ఉచితమే."

నీ పాస్‌వర్డ్ లక్షణంగా ఉంది. ఆ మాట ఇంకోసారి అనిపించాను, అందరికీ వినపడేట్టు. పేర్ల సంగతీ అతనే చెప్పాడు. జిప్ 1989లో పుట్టిందట. ఫిల్ కాట్జ్ అనే అమెరికా ఆయన పుట్టించాడు. ఆయన పేరులోని పీ, కే అన్న రెండు అక్షరాలు ఈ రోజుకీ జిప్ ఫైలు మొదట్లో ఉంటాయి. అప్పట్లో పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయనుకున్నారు. తరవాత తెలుగులాంటి అన్ని లిపుల పేర్లకీ (యూనికోడ్ అంటారట) లోపల ఒక గుర్తు చేర్చారు గానీ ఆ పాత విండోస్ దాన్ని చూసుకోదు. ఫైలు కరప్టూ కాలేదు, నాకు మతీ పోలేదు. కుర్రాడు క్షమించమని అనలేదు. "ఓ, అలాగా" అన్నాడు.

సెవెన్-జిప్ నిమిషంలో దిగింది. నా ఫైలు అందులో తెరిచాడు. పేర్లన్నీ చక్కటి తెలుగులో, అంత పెద్ద తెర మీద బారులు తీరాయి. పాస్‌వర్డ్ ఇంకా అడగనే లేదు!

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. జిప్‌కి తాళం వేస్తే లోపలి ఫైళ్లు తెరుచుకోవు, అంతే. వాటి పేర్లు తాళం లేకుండానే కనిపిస్తాయి. పేర్లు కూడా దాచాలంటే 7జెడ్ రకం కట్ట కట్టి, పేర్లకీ తాళం వెయ్యమని అడగాలి. నాకిది తెలియదు. నేను ఫొటోలకి నా గుర్తు కోసం పేర్లు పెట్టుకున్నాను. "హెడ్మాస్టరు గారు కునుకు – వెయ్యొద్దు." "వెనక వరస, పేరు తెలియదు, కోతిలా ఉన్నవాడు." అకారాది క్రమంలో కిందికి జరుగుతుంటే నా గుండె కూడా జారుతోంది. మ దగ్గర ఆగింది. "మన కోశాధికారి – చందా ఇంకా ఇవ్వలేదు."

కోశాధికారి కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం.

కుర్రాడు పాస్‌వర్డ్ కొట్టాడు. పెద్ద జి, ఊకి రెండు ఓలు, మొదటి నుంచీ నేను చెప్పిందే. 112 ఫొటోలూ విచ్చుకున్నాయి. నా గెలుపుని చూసేవాళ్లు లేరు, అందరూ ఆయన వంకే చూస్తున్నారు. తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన, నేను తలుపు వైపు. దుగ్గిరాల దాటాక ఫోన్ తీసి, రెండువేలు యూపీఐ చేసి, తెర నాకు చూపించి, మళ్లీ కిటికీలోకి తిరిగాడు.

మీకు నేను చెప్పేది. ఎవరి మిషన్‌లో తెరవాలో తెలియనప్పుడు తాళం వెయ్యకండి. వేస్తే, అవతల సెవెన్-జిప్ ఉందో లేదో ముందు కనుక్కోండి. ఆధార్‌తో గుర్తింపు చూపించే ఆఫ్‌లైన్ కేవైసీ ఫైలు సంగతి వేరు. అది షేర్ కోడ్ అనే పాస్‌వర్డ్‌తో జిప్‌గానే దిగుతుంది, దాన్ని మీరు విప్పి సర్దకుండా కోడ్‌తో పాటు అలాగే ఇవ్వాలి. డీటీపీ వాళ్లు "కరప్ట్" అంటే ఒక పట్టాన నమ్మకండి, వాళ్లకి తెలియనిదల్లా కరప్టే.

రాత్రి మళ్లీ కట్ట కట్టి పంపాను, తాళం లేకుండా. ఫైళ్ల పేర్లు 001 నుంచి 112 దాకా, ఇంగ్లీషు అంకెల్లో. ఏ అంకె ఎవరిదో నోటుబుక్కులో రాసుకున్నాను. నోటుబుక్కు బీరువాలో ఉంది. 047 ఎదురుగా "చందా ముట్టింది" అని కూడా రాశాను.