మూడు స్పర్ గేర్లు పోయాక మోటార్ మౌంట్ దగ్గరికి వచ్చాను

మొదటి స్పర్ గేరు (మోటారు షాఫ్టు మీదున్న చిన్న పినియన్ గేరు తిప్పే పెద్ద ప్లాస్టిక్ గేరు) పోయినప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. నాది అసలు బండిలో పదోవంతు సైజు ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) ట్రక్కు, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది. దాంట్లో ఉన్న పాత బ్రష్డ్ మోటారు తీసేసి, 540 సైజులోనే 3300 కేవీ (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 3300 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు వేశాను. రెండు సెల్స్ ఉన్న లైపో బ్యాటరీ 7.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి, లోడు లేనప్పుడు ఆ మోటారు నిమిషానికి 24 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. వేసిన మూడో రోజే ఒక మట్టిదిబ్బ మీంచి దూకించాను. చక్రాలు నేలకు ఆనే క్షణంలో థ్రాటిల్ పూర్తిగా నొక్కి ఉంది. గర్రుమని చప్పుడు. మోటారు తిరుగుతూనే ఉంది, బండి మాత్రం అడుగు కదల్లేదు.

గేర్ కవర్ విప్పి చూస్తే, స్పర్ గేరు మీదున్న 54 పళ్లలో ఒకే చోట ఆరేడు చెక్కేసినట్టు పోయాయి. మిగతావన్నీ కొత్త గేరులో ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. ఇలా ఒక్క చోటే పోయిందంటే అది రోజూ కొంచెం కొంచెంగా అరిగిన గేరు కాదు. ఒక్క దెబ్బలో పోయిన గేరు. పినియన్ పళ్లు స్పర్ పళ్లలోంచి జారాయి, చక్రాలు ఆగిపోయాయి, పినియన్ మాత్రం అక్కడే తిరుగుతూ ఆ ఆరేడు పళ్లనూ నమిలేసింది. రెండు గేర్ల మధ్య సందు ఎక్కువైందని నాకు అర్థమైంది. అక్కడివరకు సరిగ్గానే ఆలోచించాను. కానీ సందు ఎందుకు ఎక్కువైందని అడగలేదు, మోటారు బిగించేటప్పుడు నేనే కాస్త దూరంగా పెట్టి ఉంటానని తేల్చేసుకున్నాను.

ఆ భయంతో రెండో గేరు వేసినప్పుడు సందే లేకుండా మోటారును స్పర్‌కు గట్టిగా నొక్కి బిగించాను. బండి కదలగానే కీచుమని సన్నని కూత మొదలైంది. వేగం పెరిగేకొద్దీ కూత పెరిగింది. పది నిమిషాలు నడిపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే మోటారు డబ్బా మీద 94 డిగ్రీలు చూపించింది. నేను 80 దాటనివ్వకూడదని పెట్టుకున్న మోటారు అది. నాలుగైదు బ్యాటరీల ఛార్జి అయిపోయేసరికి కవర్ లోపల సన్నని పొడి పేరుకుంది, స్పర్ పళ్లు చుట్టూరా ఒకేలా సన్నబడి మొనదేలాయి. మొదటి గేరుకీ దీనికీ పోలికే లేదు. అది తెగిపోయింది, ఇది అరిగిపోయింది. అతిగా బిగిస్తే పళ్లు ఒకదాన్నొకటి రాసుకోవడమే కాదు, మోటారు షాఫ్టునీ స్పర్ షాఫ్టునీ రెండు పక్కలకూ తోసేస్తాయి, ఆ భారమంతా బేరింగుల మీద పడుతుంది. ఆ సంగతి నాకు తర్వాత మళ్లీ ఎదురైంది.

మూడో గేరు వేసేముందు కూర్చుని లెక్క వేశాను. నా గేర్లు 0.8 మాడ్యూల్‌వి (మాడ్యూల్ అంటే పన్ను సైజు చెప్పే కొలత). స్పర్ 54 పళ్లు, పినియన్ 13 పళ్లు. రెండూ కలిపి మాడ్యూల్‌తో గుణించి సగం చేస్తే షాఫ్టుల మధ్య దూరం 26.8 మి.మీ. వస్తుంది. పాత మోటారుకు ఉన్నది 11 పళ్ల పినియన్, అప్పుడు ఆ దూరం 26 మి.మీ. అంటే రెండు పళ్లు పెరిగితే మోటారు 0.8 మి.మీ. జరగాలి, పన్నుకు 0.4 చొప్పున. ఇంకో లెక్క నన్ను మరీ నిలబెట్టేసింది. ఈ సైజు గేర్లలో ఒకదాని పన్ను రెండోదాని సందులోకి దిగే లోతు మొత్తం 1.6 మి.మీ. మాత్రమే. మోటారు అర మిల్లీమీటరు వెనక్కి జరిగితే చాలు, పట్టులో మూడోవంతు దాదాపుగా పోయినట్టే. కంటికి ఆనని ఆ కదలిక ఒక గేరును చంపేస్తుంది.

అప్పటినుంచి కాగితం పద్ధతి పాటిస్తున్నాను. మామూలు నోటుపుస్తకం కాగితంలోంచి వేలెడు వెడల్పు ముక్క చించి, పినియన్‌కీ స్పర్‌కీ మధ్య పెట్టి, మోటారును వేలితో నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించాలి. ఆ తర్వాత స్పర్‌ను చేత్తో తిప్పుతూ కాగితాన్ని బయటికి రానివ్వాలి. కాగితం మీద మడతలు స్పష్టంగా పడాలి, చిరగకూడదు. చిరిగితే బిగువెక్కువ, మడతలు సరిగా పడకపోతే వదులు. ఇది చాలామందికి తెలిసిన పద్ధతే. కానీ ఒక్కచోట చూసి వదిలేయకూడదన్న సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ప్లాస్టిక్ స్పర్ గేరు ఏదీ కచ్చితమైన గుండ్రంగా ఉండదు. ఒక చుట్టంతా నెమ్మదిగా తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట బిగువుగా, ఎదురుగా ఇంకోచోట వదులుగా తగులుతుంది. ఆ బిగువైన చోట కాగితం పెట్టి సందు సరిచూడాలి. వదులైన చోట సరిచూస్తే తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకసారి గేర్లు ఒరుసుకుంటాయి. పైగా స్క్రూ బిగిస్తుంటే దాంతోపాటు మోటారు కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. ఒక స్క్రూ కొంచెం, రెండోది కొంచెం, ఇలా మార్చి మార్చి బిగిస్తే జరగడం తగ్గింది.

ఈసారి మోటారు స్క్రూలకు నూనె జిడ్డు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీలం రంగు థ్రెడ్ లాక్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్కో చుక్క వేసి, రాత్రంతా ఆరనిచ్చాను. పినియన్‌ను పట్టి ఉంచే తలలేని చిన్న గ్రబ్ స్క్రూ షాఫ్టు మీది చదునైన భాగానికే ఆనిందో లేదో టార్చి వేసి చూశాను. గుండ్రటి వైపు ఆనితే ఎంత బిగించినా అది జారుతుంది. చేతిలో ఉన్న 1.5 మి.మీ. అలెన్ కీ కొన అరిగిపోయి ఉంటే కొత్తది తీసుకున్నాను. అరిగిన కీతో గ్రబ్ స్క్రూ లోపలి గాడి పాడైతే ఇక పినియన్ ఊడి రాదు. (ఒకవేళ థ్రెడ్ లాక్ పట్టేసి స్క్రూ కదలకపోతే, టంకం వేసే ఐరన్ మొనను దానికి కాసేపు ఆనిస్తే ఆ జిగురు మెత్తబడి వదులుతుంది.)

పది బ్యాటరీలు బాగానే నడిచింది. పదకొండోసారి మళ్లీ గర్రుమంది.

ఆ సాయంత్రం నాకు నిజంగా బాధ కలిగింది. చేయాల్సినవన్నీ చేశాను, అయినా గేరు పోయింది. ఎక్కువ శక్తి తట్టుకోవడానికి ఉక్కు స్పర్ గేరు వేసేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ నా బండిలో ప్లాస్టిక్ స్పర్ ఒక ఫ్యూజులాంటిది. అది గట్టిపడితే ఆ దెబ్బ లోపలున్న డిఫరెన్షియల్ గేర్లకో డ్రైవ్ షాఫ్టుకో తగులుతుంది, అవి మార్చడానికి సగం బండి విప్పాలి. అందుకని ఉక్కు మాట పక్కన పెట్టి, పోయిన మూడు గేర్లనూ తెల్ల కాగితం మీద వరసగా పెట్టి చూశాను. పోయిన గేర్లను పారేయకుండా దాచుకోవడం నాకు అప్పుడు పనికొచ్చింది.

మూడో గేరు పళ్లను పక్కనుంచి చూస్తే ఒక అంచు దాదాపు నిండుగా ఉంది, రెండో అంచు సగానికి సన్నబడింది. చుట్టూ ఏ పన్ను చూసినా అదే వాలు. సందు ఎక్కువై జారితే ఒకచోటే తెగాలి, సందు తక్కువై ఒరుసుకుంటే పన్ను వెడల్పంతా సమానంగా అరగాలి. ఇది ఆ రెండూ కాదు. పినియన్ పళ్లు స్పర్ పళ్ల మీద వెడల్పంతా ఆనకుండా ఒక్క అంచునే ఆనుతున్నాయి. అంటే ఏదో ఒక షాఫ్టు వాలుతోంది.

అప్పుడే మా తమ్ముడు ఒక మాటన్నాడు. వాడు రోజూ పక్కన నిలబడి చూసేవాడే. "అన్నయ్యా, ఆ చప్పుడు మొదట్లో రాదు. పది నిమిషాలు నడిచాకే వస్తుంది." నేను రిమోట్ చేతిలో పెట్టుకుని బండి వెంటే చూస్తూ దాన్ని గమనించలేదు. నేను సందు సరిచూసిందంతా బండి చల్లగా ఉన్నప్పుడే. గేర్లు పోతున్నది వేడెక్కాక.

స్పేరుగా ఉన్న చివరి గేరు వేసి, పది నిమిషాలు మెల్లగా నడిపి, వెంటనే బ్యాటరీ తీసేసి, కవర్ విప్పాను. మోటారు వెనక చివరను బొటనవేలితో కిందికి నొక్కాను. కదిలింది. పినియన్ దగ్గర సందు కళ్లముందే తెరుచుకుంది. గంట తర్వాత, చల్లారాక, అదే చోట అంతే బలంగా నొక్కితే ఏమాత్రం కదల్లేదు. మోటారు విప్పి, దాన్ని బండికి పట్టి ఉంచే ప్లాస్టిక్ మౌంటును బయటికి తీసి వెలుతురులో తిప్పి చూస్తే, ఒక స్క్రూ రంధ్రం నుంచి అంచుదాకా వెంట్రుకంత పగులు కనిపించింది. ఆ రంధ్రం కూడా గుండ్రంగా లేదు, కోలగా సాగింది.

అసలు మోటారు అక్కడ ఎలా నిలబడుతుందో చూస్తే కారణం తెలిసింది. మోటారును పట్టుకునేది ముందువైపున్న రెండే స్క్రూలు, ఒక్కోటి 3 మి.మీ.ది. రెండు వందల గ్రాములకు అటూ ఇటూగా ఉండే డబ్బా అంతా వెనక గాల్లో వేలాడుతూ ఉంటుంది. దూకి నేలకు తగిలిన ప్రతిసారీ ఆ బరువు మౌంటును వంచుతుంది. చల్లగా ఉన్న ప్లాస్టిక్ అది తట్టుకుంటుంది. మోటారు వేడి ముందు ముఖం నుంచి మౌంటుకు పాకి ప్లాస్టిక్ మెత్తబడ్డాక తట్టుకోలేదు. నేను గేర్లను అతిగా బిగించి 94 డిగ్రీలకు చేర్చిన రోజే ఆ రంధ్రం సాగడం మొదలై ఉంటుంది. థ్రెడ్ లాక్ స్క్రూ దగ్గర కారి ప్లాస్టిక్‌కు అంటిన మరక కూడా పగులు దగ్గరే ఉంది. ఆ ద్రవం కొన్ని రకాల ప్లాస్టిక్‌లను పెళుసు చేసి చిట్లిస్తుంది, అందుకే ఇప్పుడు స్క్రూ మరల మీద చుక్క వేసి, ఎక్కువైనదాన్ని తుడిచాకే పెడుతున్నాను.

అల్యూమినియం మౌంటు తెప్పించాను, మోటారు వెనక చివరను పట్టుకునే ఆధారం ఉన్న రకం. లోహం అంత తేలిగ్గా వంగదు, పైగా మోటారు వేడిని కొంత లాగి ఛాసిస్‌కు పంపుతుంది. కానీ దీంతో ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొత్త మౌంటు పలక పాతదానికన్నా పలచన. పాత స్క్రూలే వాడితే అవి మోటారు లోపలికి ఎక్కువ దిగి తీగచుట్లకు తగలొచ్చు. తగిలితే మోటారు అక్కడికక్కడే షార్టయి పోతుంది. అందుకని పలక మందం, వాషరు మందం కొలిచి, మోటారు ముఖంలోకి నాలుగు మిల్లీమీటర్లే దిగేలా పొట్టి స్క్రూలు ఎంచుకున్నాను. వేళ్లతో బిగిస్తున్నప్పుడు మధ్యలో ఎక్కడా అడ్డు తగలకూడదు. తల ఆనకముందే ఆగిందంటే లోపల దేనికో తగిలినట్టు, అక్కడే ఆపి విప్పాలి.

మౌంటు మారుస్తూ స్పర్ షాఫ్టును కూడా పక్కలకు ఊపి చూశాను. కొంచెం ఊగింది. 5x11x4 (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మి.మీ.లలో) బేరింగు ఒకటి బయటికి తీసి వేళ్ల మధ్య తిప్పితే ఇసుక మీద నడిచినట్టు గరగరలాడింది. రెండో గేరును అతిగా బిగించినప్పటి ఫలితమిది. ఆ షాఫ్టుకున్న రెండు బేరింగులూ మార్చాను. గట్టి దెబ్బ తగిలితే కాస్త జారే స్లిప్పర్ క్లచ్‌ను కూడా కొంచెం వదులు చేశాను. నేలకు తగిలే క్షణంలో చక్రాలకూ మోటారుకూ మధ్య వచ్చే ఒడుదుడుకును అది కొంత మింగితే, పళ్ల మీద దెబ్బ తగ్గుతుంది.

ఆ తర్వాత కాగితం పెట్టి సందు సరిచేశాను. పినియన్‌ను కదలకుండా పట్టుకుని, స్పర్‌ను వేలితో అటూ ఇటూ ఆడించాను. చుట్టంతా ఎక్కడ చూసినా సన్నగా టిక్కుమనే కదలిక ఉంది, అంతకు మించి లేదు. పది నిమిషాలు గట్టిగా నడిపి వేడిగా ఉండగానే మళ్లీ అదే పరీక్ష చేశాను. ఈసారి మోటారు వెనక చివర ఎంత నొక్కినా కదల్లేదు. డబ్బా మీద 68 డిగ్రీలే ఉంది.

మోటారు స్క్రూల తలల మీదనుంచి మౌంటు మీదికి తెల్ల రంగుతో ఒక్కో గీత గీశాను. స్క్రూ వదులైతే ఆ గీత విరుగుతుంది, విప్పకుండానే తెలుస్తుంది. నిన్నటికి ఇరవై రెండు బ్యాటరీలు అయ్యాయి, అందులో చివరి ఆరింటిలో ఒక్కోదానికి మూడేసి సెల్స్. కవర్ విప్పి చూశాను. గీతలు రెండూ తిన్నగా ఉన్నాయి. స్పర్ పళ్లు రెండు అంచుల్లోనూ సమానంగా ఉన్నాయి. కవర్ లోపల పొడి లేదు.