చిలక లేని జోస్యం: ఫెయిరీ కార్డులు, ఇంటి తెలుగు

అమెరికాలో మన తెలుగు పిల్లల పుట్టినరోజు బహుమతుల్లో లెగో పెట్టెల పక్కన ఈమధ్య ఇంకో పెట్టె కూడా కనిపిస్తోంది. మూత తీస్తే ఫెయిరీలనే రెక్కలున్న అమ్మాయిలు, పుట్టగొడుగుల కింద ఇళ్లు, అంచులకు బంగారు పూత. ఒరాకిల్ కార్డులంటారు వీటిని: ఒక ప్రశ్న అడిగి, ఒక కార్డు తీసి, దాని మీది బొమ్మా మాటా చూసి జవాబు చెప్పుకోవడానికి. వీడియో కాల్‌లో అమ్మమ్మ చూసి ‘ఇదేం పేకాటే, చిన్నపిల్లకి?’ అంటుంది. నాన్నేమో ‘జాతకాలు చెప్పేవట’ అని అల్మరా పైఅరలో పెట్టేస్తాడు. ఇద్దరిదీ తొందరపాటే. వాడడం తెలిస్తే పిల్లల చేత తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడించడానికి ఇది భలే పనికొస్తుంది. తెలియకపోతే మాత్రం ‘ఇవాళ చెడ్డ కార్డు వచ్చింది, బడికెళ్లను’ దాకా పోతుంది.

ముందు వస్తువు సంగతి. జోస్యానికి వాడే టారో కార్డులు వేరు, ఇవి వేరు. టారోలో 78 కార్డులు, ‘మేజర్’ అనే ముఖ్యమైనవి 22, ‘మైనర్’ అనేవి 56, అదొక కట్టుబాటు. ఒరాకిల్‌కు అలాంటి లెక్కేమీ లేదు, తయారుచేసినవాళ్ల ఇష్టం. ఎక్కువ పెట్టెల్లో 44 ఉంటాయి. కార్డు సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు. ఏడేళ్ల పిల్ల అరచేతిలో ఇది పట్టదు. పేక కలిపినట్టు కలపమంటే సగం నేల మీదే ఉంటాయి. అందుకని కట్టను చేతిలో కలపనివ్వకండి. బల్ల మీద దుప్పటి పరిచి కార్డులన్నీ బోర్లా పోసి, రెండు చేతులతో ఒక నిమిషం గిరగిరా తిప్పించండి. చిన్న చేతులకు సులువు, పైగా నిజంగా బాగా కలుస్తాయి. కొత్త పెట్టెలో బంగారు పూత వల్ల అంచులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. గోటితో లాగితే పూత ఊడొస్తుంది. మొదటిసారి ఒక్కో కార్డునూ కాస్త వంచి విడదీయాలి. పెద్దవాళ్లు చేయాల్సిన పని ఇది, పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లోనే కార్డులన్నీ ఒకసారి చూసేసి, భయపెట్టే బొమ్మలు, పెద్దవాళ్ల ప్రేమ వ్యవహారాలు ఉన్నవి పక్కకు తీసేయండి. 44లో ఆరేడు పోతే కొంప మునగదు.

కార్డులను ‘శుద్ధి’ చేయడానికి పొగ వేయమని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. మనవాళ్లు దానికి బదులు సాంబ్రాణి వేస్తారు. కార్డులు శుద్ధి అవుతాయో లేదో గానీ అపార్ట్‌మెంటులో స్మోక్ అలారం మాత్రం తప్పక మోగుతుంది. వదిలేయండి. దేవుడి గూట్లో కూడా పెట్టకండి. పెడితే పిల్ల దాన్ని ప్రసాదంతో సమానం చేసేస్తుంది, తర్వాత ‘ఇది ఉత్త ఆటే’ అంటే నమ్మదు.

కార్డు తీసి మాట చెప్పించుకోవడం మనకేమీ కొత్త కాదు. సంతలో, గుడి మెట్ల దగ్గర చిలక జోస్యం చూసినవాళ్లు ఈ తరం తల్లిదండ్రుల్లో ఇంకా ఉన్నారు. చిలక పంజరంలోంచి బయటికొచ్చి, వరసగా పేర్చిన మడత కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగి, ఇచ్చిన గింజ నోట కరుచుకుని లోపలికి పోతుంది. కార్డులో ఉన్న దేవుడి బొమ్మ చూసి జోస్యుడు అందుకుంటాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన రామచిలకను పంజరంలో పెట్టడం నేరం కాబట్టి ఆ దృశ్యం అరుదైపోయింది. పిల్లలకు ఇది చెప్పండి, చిలక పాత్ర వాళ్లకెంతో నచ్చుతుంది. అందులోనే అసలు కిటుకు కూడా ఉంది: తీసేది ఒకరు, చెప్పేది ఒకరు. కార్డు నోరు లేని వస్తువు, మాట మనిషిది. ఎరుకలసాని చెప్పే సోది కూడా అంతే, ఎదుటి మనిషి మొహం చూసి మాట అల్లుకుంటూ పోవడమే. (‘సోది ఆపు’ అని ఇంట్లో రోజూ వింటున్న పిల్లలకు ఆ మాట ఎక్కడిదో తెలిస్తే పడీపడీ నవ్వుతారు.)

కాబట్టి పద్ధతి ఇది. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు చాలు. ఒకరోజు పిల్ల చిలక, అమ్మ జోస్యురాలు. మర్నాడు అమ్మ చిలక, పిల్ల జోస్యురాలు. రెండో రోజే అసలు రోజు, ఎందుకంటే ఆ రోజు మాట్లాడాల్సింది పిల్ల. కార్డు మీద ఇంగ్లిషులో రాసిన మాటను బొటనవేలితో మూయండి. ముందు బొమ్మ చూసి చెప్పాలి: ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, మొహం ఎలా ఉంది, చేతిలో ఏముంది. వాక్యం తెలుగులో మొదలైతే చాలు. మధ్యలో ‘మష్రూమ్’ దొర్లితే దిద్దకండి, తర్వాత మీ వాక్యంలో ‘పుట్టగొడుగు’ వాడండి, అదే అందుకుంటుంది. ఆ తర్వాతే వేలు తీసి మాట చదవడం.

ప్రశ్న అడిగే తీరులోనే సగం ఉంది. ‘రేపు పరీక్షలో ఏమవుతుంది?’ అని అడగనివ్వకండి, అది కార్డును దేవుణ్ణి చేసే ప్రశ్న. ‘రేపటి పరీక్షకి ఏం చేద్దాం?’ అని అడిగించండి. తెలుగులో ‘చేద్దాం’ అన్నప్పుడు అమ్మ కూడా ఆ పనిలోకి వచ్చేస్తుంది, ఇంగ్లిషులో ‘వాట్ షుడ్ ఐ డూ?’ అంటే ఆ ప్రశ్న పిల్ల ఒక్కదాని నెత్తిన పడుతుంది. నియమాలు రెండే. ఒక ప్రశ్నకు ఒక కార్డు, నచ్చలేదని మళ్లీ తీయడం లేదు. కార్డు తలకిందులుగా వస్తే తిప్పి పెట్టుకోవడమే, దానికి వేరే అర్థం లేదు. పెట్టెతో వచ్చే పుస్తకంలో తలకిందుల అర్థాలిచ్చినా పట్టించుకోవద్దు. పిల్లలను భయపెట్టేవి చాలావరకు అవే.

ఇక మాటల దగ్గరకొద్దాం. ఈ కార్డుల మీదుండే ఇంగ్లిషు మాటల్ని నిఘంటువు చూసి తెలుగు చేస్తే పని చెడుతుంది. ‘బౌండరీస్’ అనే కార్డు తీసుకోండి. హద్దులు అంటారు చాలామంది. కానీ మన ఇళ్లలో పిల్లలు ‘హద్దు’ అనే మాట వినేది ‘హద్దు మీరుతున్నావ్’ అని తిట్టినప్పుడే. కార్డేమో నీకు నచ్చనిది నచ్చలేదని చెప్పు అంటోంది. అర్థం తిరగబడిపోయింది. అక్కడ హద్దు అనే మాటే వద్దు, ‘నాకిది ఇష్టం లేదు అని చెప్పొచ్చు’ అని చిన్న చీటీ రాసి అంటించండి. ‘పేషెన్స్’కు ఓపిక సరైన మాటే, కానీ తెలుగులో ఓపిక రెండు పనులు చేస్తుంది. తమ్ముడు బొమ్మ తిరిగిచ్చేదాకా ఆగే ఓపిక ఒకటి, ‘మెట్లెక్కే ఓపిక లేదమ్మా’ అన్నప్పటి ఓపిక ఇంకొకటి. రెండూ చెప్పి, ఇప్పుడు నీకు ఏ ఓపిక తక్కువైందని అడిగితే పిల్లలు ఆలోచించి మరీ జవాబిస్తారు. ‘లెట్ గో’కు ‘వదిలెయ్’ కన్నా ‘పోన్లే’ నయం. ‘గ్రాటిట్యూడ్’కు కృతజ్ఞత అని రాస్తే చదవడానికే నోరు తిరగదు. పైగా మన ఇంట్లో మనవాళ్లకి థాంక్స్ చెప్పడం అలవాటు లేదు. బడిలో ప్రతిదానికీ థాంక్యూ నేర్చిన పిల్ల నానమ్మకు కూడా చెప్తే ఆవిడ ‘నాకెందుకే థాంక్సులు’ అని చిన్నబుచ్చుకుంటుంది. ‘బాగుంది నానమ్మా, ఇంకొంచెం పెట్టు’ అన్నదే మన కృతజ్ఞత. చీటీ మీద అదే రాయండి.

ఆ పెట్టెలో లేని కార్డులు చేసుకోవడం ఇంకా ముఖ్యం. బెంగ, అలక, మొహమాటం, ఉక్రోషం, గారాబం, ఈ ఐదూ ఉండి తీరాలి. ఆగస్టులో ఊరి నుంచి తిరిగొచ్చాక పిల్ల సరిగా తినదు, ఊరికే ఒళ్లో చేరుతుంది. ‘హోమ్‌సిక్’ అందామంటే హోమ్ ఇదే. అది తాతయ్య మీద బెంగ. ఆ మాట తెలియని పిల్ల కడుపునొప్పి అని చెప్తుంది, తల్లి మందు వేస్తుంది. మొహమాటం కార్డు మీద బొమ్మ ఇలా గీయించండి: పళ్లెంలో ఒక గులాబ్ జామూన్, దాని వైపు చూస్తూనే ‘వద్దండి’ అంటున్న పిల్ల. తెలుగువాళ్లింట్లో మూడుసార్లు అడుగుతారు, మూడోసారి తీసుకోవచ్చు. అమెరికన్ స్నేహితురాలి ఇంట్లో ఒక్కసారే అడుగుతారు, వద్దంటే పళ్లెం లోపలికెళ్లిపోతుంది. ఏ ఇంట్లో ఎన్నిసార్లు అన్నది ఆ కార్డు తీసిన రాత్రి మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇంట్లో చేసుకునే కార్డులకు 63 × 88 మిల్లీమీటర్ల కొలత, అంటే మామూలు పేకముక్క సైజు, మేలు. ఒక ఏ4 కాగితం మీద మూడు వరసల్లో తొమ్మిది పడతాయి, అమెరికాలో దొరికే లెటర్ కాగితం మీదా అంతే. మూడు కాగితాలకు 27 కార్డులు. నక్షత్రాలూ 27 కాబట్టి తాతయ్యలు సంతోషిస్తారు. మందం అట్ట ప్రింటర్లో పెడితే ఇరుక్కుంటుంది. మామూలు కాగితం మీదే గీసి, కత్తిరించి, పాత పేకముక్క వెనక పెట్టి ప్లాస్టిక్ స్లీవులో దూర్చండి. ఇండియా నుంచి తెచ్చిన పేకలు కొన్ని 57 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి, కొలిచి కత్తిరించండి. పేర్లు పిల్లల చేతిరాతతోనే ఉండనివ్వండి. కొన్ని డిజైన్ యాపుల్లో తెలుగు వత్తులు విడిపోయి ‘క్షమ’ కాస్తా ‘క్‌షమ’ అవుతుంది, పిల్ల అదే సరైనదనుకుంటుంది.

ఫెయిరీలు ఎవరు అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ‘మన అప్సరసలే’ అని చెప్పి చేతులు దులుపుకోకండి, కాదు. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో వీళ్లు జనం భయపడి మర్యాదగా మసలుకున్న జాతి. ఈ సీతాకోకచిలక రెక్కలు తర్వాతి కాలపు బొమ్మల్లో మొలిచినవి. 1999లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో, లటూన్ అనే చోట, కొత్త రోడ్డుకు అడ్డొచ్చిన ఒక ముళ్లపొద ఫెయిరీలదని కథకుడు ఎడ్డీ లెనిహాన్ గట్టిగా వాదించారు. చివరికి పొదను తప్పించే రోడ్డు వేశారు. ఇది చెప్పాక నాగుల చవితికి పాలు పోసే పుట్టను ఎందుకు తవ్వరో పిల్లలకు వేరుగా చెప్పక్కర్లేదు.

ఇంకో కథ ఇంగ్లండ్‌ది. 1917లో యార్క్‌షర్‌లోని కాటింగ్లీలో 16 ఏళ్ల ఎల్సీ రైట్, 9 ఏళ్ల ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ అనే ఇద్దరు వాగు దగ్గర ఫెయిరీల ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డోయల్ నమ్మి, 1920లో పత్రికలో రాశారు. కాగితం బొమ్మలు కత్తిరించి టోపీ పిన్నులతో నిలబెట్టామని వాళ్లు ఒప్పుకున్నది 1983లో. పూలకుండీ, గుండుసూదులు, ఫోన్ ఉంటే మీ ఇంట్లోనూ అరగంటలో చేయొచ్చు. ‘నిజమేనా, అబద్ధమా’ అని పట్టుకుని వదలని పిల్లలకు ఈ ఒక్క పని చేయించండి, ఆ ప్రశ్న తగ్గుతుంది.

అదే కార్డు మళ్లీ వచ్చినప్పుడు మాత్రం పెద్దవాళ్లు కూడా ఉలిక్కిపడతారు. లెక్క చూడండి. 44 కార్డుల్లోంచి రోజుకొకటి తీసి, మళ్లీ కలిపేస్తుంటే, పది రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం వందకు 67. అంటే రాకపోతేనే వింత. తీసిన కార్డు పేరు క్యాలెండర్‌లో రాయిస్తే నెల తిరిగేసరికి ఈ సంగతి పిల్లే కనిపెడుతుంది. ఒక కార్డు వరసబెట్టి వస్తుంటే మాత్రం కలపడంలో లోపం: తీసిన కార్డును కట్ట పైన పెట్టి, రెండుసార్లు అటూఇటూ చేసి ఊరుకుంటున్నారన్నమాట.

ఐదేళ్లలోపు వాళ్లకు ప్రశ్నలే వద్దు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించడం వరకే. పదకొండు దాటినవాళ్లకు జోస్యం ఆట విసుగు. వాళ్ల చేత కార్డుల వెనక చిన్న కథలు రాయించండి. భయస్తులైన పిల్లలు కొందరుంటారు, కార్డు తీయకుండా బూట్లు కూడా వేసుకోరు. అలాంటప్పుడు నెల రోజులు పెట్టె కనిపించకుండా పెట్టి, తర్వాత ఇంట్లో చేసినవి మాత్రమే ఇవ్వండి. తన చేత్తో గీసిన దానికి పిల్ల భయపడదు.

కార్డులను బడికి పంపకండి. ఇంటికి ఆడుకోవడానికొచ్చే పిల్లల తల్లిదండ్రులను ముందే అడగండి. క్రైస్తవ కుటుంబాలు చాలామందికి, అందులో తెలుగువాళ్లకూ, ఇలాంటి కార్డులు మత విషయంగా అభ్యంతరం. అడిగితే ఎవరూ నొచ్చుకోరు, తర్వాత తెలిస్తేనే గొడవ.

అమ్మమ్మ తాతయ్యలతో ఆడాలంటే ఆదివారం మంచిది. వేసవిలో డాలస్‌లో ఉదయం 8:30 అంటే మనవైపు రాత్రి 7. నిగనిగలాడే కార్డు కెమెరాకు పెడితే లైటు పడి ఏమీ కనిపించదు, కాస్త ఏటవాలుగా పట్టుకోవాలి. లేదంటే ముందే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. ‘ఫెయిరీ కార్డు’ అనకుండా ‘బొమ్మ చూసి కథ చెప్పు తాతయ్యా’ అంటే పేకాట గొడవ కూడా రాదు. తాతయ్య చిలక అవ్వాల్సి వస్తే ‘ఎడమ నుంచి ఆరోది’ అని అంకె చెప్తే చాలు, పిల్ల ఇక్కడ లెక్కపెట్టి తీస్తుంది. ఎడమ అంటే ఎవరి ఎడమ అన్నది ముందే తేల్చుకోండి.