టెక్కలి రాయి వయసు తేల్చుకున్నాను: నా అనుభవం

ఎమ్మెస్సీ జియాలజీ డిజర్టేషన్‌కి నేను ఎంచుకున్న ప్రశ్న ఒక్కటే. సముద్రపు పలక ఖండం అంచు కిందికి దూరినప్పుడు (దీన్నే సబ్‌డక్షన్ అంటారు), దాంతో లోపలికి వెళ్లిన నీరు సుమారు వంద కిలోమీటర్ల లోతున బయటపడుతుంది. నీరు తగిలిన మాంటిల్ (భూమి పై పొర కింద ఉండే రాతి పొర) తక్కువ వేడికే కరిగి మాగ్మా పుడుతుంది. ఆండీస్ కింద ఇప్పుడు జరుగుతున్నది అదే. మా శ్రీకాకుళం రాళ్లు కూడా అలా పుట్టినవేనా?

శాంపిల్ కోసం టెక్కలి వైపు ఒక క్వారీకి వెళ్లాను. కొండల మీద పైకి కనిపించే రాయి ఎండకీ వానకీ ఎర్రబడి మెత్తబడిపోతుంది, డేటింగ్‌కి పనికిరాదు. తాజా రాయి క్వారీ గోడలోనే దొరుకుతుంది. "ఇంత మంచి రాయుండగా ఈ ముక్కలు ఏటి సేసుకుంతావమ్మా?" అన్నారు మేస్త్రీగారు. వయసు చూడ్డానికండీ అన్నాను. "మా ముత్తాత కన్నా పెద్దదేనేటి?" అని నవ్వి, పగుళ్లు లేనిచోట కొట్టించి ఇచ్చారు. థిన్ సెక్షన్‌లో (వెలుతురు దూరేంత పల్చగా అరగదీసిన రాతి ముక్కలో) హైపర్‌స్థీన్ అనే ఖనిజం కనిపించింది, గార్నెట్ కూడా. అంటే ఇది చార్నోకైట్, లోతున బాగా వేడిలో పుట్టే గ్రానైట్ లాంటి రాయి.

అసలు కష్టం వయసు చెప్పే జిర్కాన్ అనే ఖనిజం గింజల్ని బయటికి తీయడంలో ఉంది. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందంతే. రాయిని క్రషర్‌లో పగలగొట్టి, పొడిచేసి, జల్లెడపట్టి, పళ్లెంలో నీళ్లుపోసి బియ్యం గాలించినట్టు గాలించాలి. మిగిలినదాన్ని బ్రోమోఫామ్ అనే బరువైన ద్రవంలో వేయాలి. దాని సాంద్రత 2.89. క్వార్ట్జ్ 2.65 కాబట్టి తేలుతుంది, జిర్కాన్ 4.6 కాబట్టి మునుగుతుంది. కానీ గార్నెట్ కూడా మునుగుతుంది, మన రాళ్లలో దానికేం కొదవ? అందుకని తర్వాత మాగ్నెటిక్ సెపరేటర్: గార్నెట్‌లో ఇనుముంటుంది, అది పక్కకి పోతుంది.

ఈ పనంతా భావనపాడు, కళింగపట్నం తీరాల్లో అలలు ఊరికే చేసిపెడుతున్నాయి. అక్కడి నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌తోపాటు జిర్కాన్ కూడా ఉంటుంది. ఓ దోసెడు తెచ్చుకోవచ్చు కదే అంది నా రూమ్మేట్. తెచ్చుకోవచ్చు, కానీ ఏ గింజ ఏ కొండ నుంచి కొట్టుకొచ్చిందో ఎవరు చెబుతారు?

మైక్రోస్కోప్ కింద సూదితో గింజలు ఏరడం, ఎపాక్సీ జిగురులో అతికించి సగం దాకా అరగదీయడం మెడకి పని. ల్యాబ్ స్లాట్ కోసం ఎదురుచూపుల గురించి చెప్పుకోవడానికేం లేదు. కేథోడోల్యూమినిసెన్స్ బొమ్మలు (ఎలక్ట్రాన్లు తగిలి గింజలు వెలిగినప్పుడు తీసేవి) మాత్రం చూసి తీరాలి. ప్రతి గింజలోనూ లోపల పాత కోర్ (నడిమి భాగం), దాన్ని చుట్టి కొత్త రిమ్ (అంచు పొర). రెంటినీ లేజర్‌తో విడివిడిగా కొట్టించాను. జిర్కాన్ పెరిగేటప్పుడు యురేనియంను రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో ఉన్న సీసం యురేనియం నుంచి పుట్టిందే. యురేనియం 238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, 235ది 70 కోట్లు. రెండు లెక్కలూ ఒకే వయసు చూపితేనే దాన్ని నమ్మాలి.

రిమ్‌లు 95 కోట్ల ఏళ్ల దగ్గర గుమిగూడాయి. కోర్‌లు అంతకన్నా బాగా పాతవి, ఒక తీరులో లేవు. 95 కోట్లంటే తూర్పు కనుమలకీ తూర్పు అంటార్కిటికాకీ ఉమ్మడి కాలం. అక్కడి మాసన్ స్టేషన్ (ఆస్ట్రేలియా పరిశోధన కేంద్రం) దగ్గరి చార్నోకైట్లు కూడా ఇంచుమించు అప్పటివే. మనమూ అంటార్కిటికా విడిపోయింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటే.

తర్వాత రాయి కెమిస్ట్రీ ప్లాట్ చేస్తే నయోబియం, టైటానియం మూలకాల దగ్గర గ్రాఫ్ కిందికి పడింది. సబ్‌డక్షన్ మాగ్మాల గుర్తు అదే. "గ్రాఫ్ చెబుతోంది కదమ్మా, రాసేయ్" అన్నారు గైడ్ సార్. నాకు మనసొప్పలేదు. ఖండపు పాత రాయి మళ్లీ కరిగినా ఆ గుర్తు కొత్త మాగ్మాలోకి వచ్చేస్తుంది. తూర్పు కనుమల్లో చాలాచోట్ల రాళ్లు పాతిక ముప్పై కిలోమీటర్ల లోతున 900 డిగ్రీలు దాటిన వేడి చూశాయి. అంత వేడికి రాయే కరుగుతుంది, సముద్రపు పలకతో పనిలేదు. పాత కోర్‌లూ ఆ మాటే అంటున్నాయి: అవి కరిగిన పాత రాయిలోంచి మిగిలినవి. గోదావరి అవతల ఒంగోలు వైపు చార్నోకైట్ల సంగతి వేరు. అవి సుమారు 170 కోట్ల ఏళ్లవి, ఖండం అంచు మాగ్మాలన్న వాదనకి అక్కడ బలం ఉంది. నెల్లూరు ప్రాంతంలోని కండ్రలో అంతకన్నా పాత సముద్రపు అడుగు ముక్కను కూడా గుర్తించారు. ఒంగోలు కథని తెచ్చి టెక్కలికి అంటగట్టడం నాకు నచ్చలేదు. సార్‌తో వాదించాను. చివరికి, "సరే, వైవాలో నువ్వే చెప్పుకో" అన్నారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట అడిగింది అదే: "ఇంతకీ సబ్‌డక్షన్ ఉన్నట్టా, లేనట్టా?"

"ఈ రాయి పుట్టినప్పుడు ఉందని చెప్పలేనండీ. ఇది ఏ రాయి కరిగి పుట్టిందో ఆ రాయి కాలంలో ఉండొచ్చు" అన్నాను.

ఆ 'ఉండొచ్చు' తేలాలంటే కోర్‌లలో హాఫ్నియం ఐసోటోపులు కొలవాలి. మాగ్మా నేరుగా మాంటిల్ నుంచి వచ్చిందో, పాత క్రస్ట్ (భూమి పై పొర) కరిగి వచ్చిందో అవి చూపిస్తాయి. గింజలు అతికించిన నా మౌంట్‌లో లేజర్ తగలని కోర్‌లు ఇంకా ఉన్నాయి. ల్యాబ్‌కి మెయిల్ పెట్టాను, ఖర్చు సంగతి తను చూస్తానన్నారు గైడ్ సార్.