పేగుల మోడల్: మూడో ఆదివారానికి ఎంతవరకొచ్చిందంటే

హన్మకొండల మా ఇంటి వరండా నిండ పైపులే, అమ్మ ఏమో "కొత్తగ మోటరు గిట్ల పెడుతున్నవారా" అంటుంది. అక్క బిడ్డ సైన్స్ పుస్తకంల బొమ్మ చూస్తే పేగులు గింతే అన్నట్టుంటది, అందుకే తిన్న బువ్వ పోయే తొవ్వ మొత్తం అసలు కొలతలతోని చేద్దామని మొదలువెట్టిన.

చిన్నపేగు దాదాపు 6 మీటర్లు, లావు రెండున్నర సెంటీమీటర్లు, అంటే మన ఇంచు పైపు. వరంగల్ చౌరస్తా కాడ 20 అడుగులు కోపిచ్చుకొచ్చిన. పెద్దపేగుకు పైస ఖర్చు లేదు, ఊళ్లె బాయి కాడ రెండున్నర ఇంచుల పాత సక్షన్ పైపు పడి ఉండె, 5 అడుగులు కోసిన. లావుల పెద్దది గని పొడుగుల చిన్నదాంట్ల నాలుగో వంతే, పేరు చూసి మోసపోవద్దు. చిన్నపేగుకు తెచ్చిన పచ్చ పైపును దగ్గరగ చుడితే మడత వడుతుంది, వేడినీళ్లల్ల పది నిమిషాలు నానవెట్టి మెత్తగైనంక చుట్టి తాడు కట్టి చల్లారనియ్యాలె.

అన్నవాహిక 25 సెంటీమీటర్లు, పాత లెగ్గింగ్ కాలు కోసి అందుల నిమ్మకాయ వేసి వెనక నుంచి పిసుక్కుంట పోతే ముందుకు జరుగుతది, తలకిందులు పట్టినా జరుగుతది. అది అయిపోయింది.

టైం తిన్నదంతా ఉమ్మి టెస్టే, అంటే ఉమ్మి పిండిని అరిగిస్తదా లేదా అని చూసుడు. గంజి ఒక చెంచా, నీళ్లు అయిదు చెంచాలు, రెండు గ్లాసులల్ల పోసి ఒకదాంట్ల ఉమ్మి, ఇంకోదాంట్ల ఉత్త నీళ్లు. బెటాడిన్ ల అయోడిన్ ఉంటది కదా, దాన్ని లైట్ చాయ్ రంగొచ్చేదాక పల్చగ చేసి తెల్ల ప్లేటు మీద చుక్కలు పెట్టుకొని, రెండు నిమిషాలకోసారి గంజి చుక్క కలుపుడు. పిండి ఉంటే నీలం. మొదటిసారి ఎంతసేపైనా నీలమే, ఎందుకంటే పొయ్యి మీదికెళ్లి దించిన గంజిల ఉమ్మి పోసిన, ఉమ్మిల పిండిని అరిగించే పదార్థం, అదే ఎంజైమ్, ఉడికిపోయింది. రెండోసారి గోరువెచ్చని నీళ్లల్ల గ్లాసులు పెడితే ఎనిమిది నిమిషాలకు ఎర్రగ, పద్నాలుగుకు నీలం మాయం, ఉత్త నీళ్ల గ్లాసు మాత్రం అట్లనే ఉంది.

మరి కడుపుల యాసిడ్ తగిలితే ఏమైతదని ఉమ్మి పోయకముందే నిమ్మరసం పిండిన, నీలం రానే రాలే! పిండి అరిగిపోయిందని సంబురపడ్డ గని అది ఉత్తదే, నిమ్మకాయల విటమిన్ సి అయోడిన్ రంగునే కొట్టేస్తది. వెనిగర్ తోని చేస్తే నీలం కదల్లే, పులుపుల ఉమ్మి ఎంజైమ్ పని ఆగిపోతది. అన్నం అరిగేది కడుపులనే అని మనోళ్లంటరు గని, పిండి సంగతైతే నోట్లె మొదలై, కడుపుల ఆగి, చిన్నపేగుల క్లోమరసం (కడుపు వెనక ఉండే క్లోమగ్రంథి రసం) తోని మళ్ల షురువైతది.

చిన్నపేగు లోపలి నూగు (అరిగినదాన్ని పీల్చుకునే సన్న సన్న మొలకలు) కోసం టర్కీ టవల్ ముక్క కుట్టాలె, సాదా గుడ్డ కంటె ఎన్ని నీళ్లు పీలుస్తదో చూపిచ్చేటందుకు. ఆ నూగంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అని చాన పుస్తకాలల్ల ఉంటది గని 2014ల స్వీడన్ పరిశోధకులు లెక్క తీస్తే సుమారు 30 చదరపు మీటర్లే వచ్చింది, అంటే మా రెండు రూములంత.

కడుపుకు వాడిన హాట్ వాటర్ బ్యాగు మూతి కాడ లీకైతుంది, సైకిల్ ట్యూబు చుట్టిన, అయినా చుక్క చుక్క కారుతనే ఉంది.