శనివారం రాత్రి తాళం పడే బీరువా

మన హాస్టల్ పాత విద్యార్థినుల కలయిక సంచికకి ఏదైనా రాయమని అప్పటి లీడరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. గోంగూర సంగతి మాత్రం రాయను, అది మనలోనే ఉండాలి.

నాకు హాస్టల్ అంటే టెన్నికాయిట్ రింగుల బీరువా. శనివారం సాయంత్రం ప్రార్థన కాగానే వార్డెనమ్మగారు దానికి తాళం వేసేవారు. ఇక సోమవారం దాకా ఆట లేదు, బట్టలుతకడం లేదు. ఆవిడది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. మన లెక్కల టీచరుగారు గుంటూరు లూథరన్. ఇద్దరూ క్రైస్తవులే, సంఘాలే వేరు. బైబిలు పది ఆజ్ఞల లెక్కలో విశ్రాంతిదినం టీచరుగారికి మూడో ఆజ్ఞ, వార్డెనమ్మగారికి నాలుగోది. వాదన అక్కడే మొదలయ్యేది.

తొమ్మిదిలో త్రోబాల్ ఫైనల్ ఆదివారం పడింది, గుర్తుందా? ముందు రోజు రాత్రి వరండాలో వాళ్ళిద్దరి మాటలూ మనం కిటికీ దగ్గర నిలబడి విన్నాం. వార్డెనమ్మగారు స్కాట్లండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ గురించి చెప్పారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పెట్టారని ఆయన అందులో పరుగెత్తలేదు, 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం తెచ్చుకున్నాడు. "వాక్యాన్ని తృణీకరించొద్దని లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం క్యాటకిజంలో ఉంది గాని ఆడొద్దని లేదమ్మా" అన్నారు టీచరుగారు. ఇంగ్లండులో జేమ్స్ రాజు ఆదివారం ఆరాధన అయ్యాక ఆటలాడుకోవచ్చని 1618లో ప్రకటన ఇస్తే, ఆదివారం నియమం కఠినంగా పాటించే ప్యూరిటన్ల పార్లమెంటు 1643లో దాన్ని తగలబెట్టించిందట. "వాళ్ళూ విశ్వాసులే, వీళ్ళూ విశ్వాసులేనమ్మా" అన్నారావిడ.

మనం ఆడలేదు. ఎంత ఏడ్చామో! కానీ పొద్దున గుడిలో వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని పాడారు. అంత గట్టిగా వాదించుకున్నాక కూడా అలా ఉండొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

పదో తరగతి నాకేమీ గుర్తులేదు.

ఇప్పుడు మా జిల్లా స్కూలు పోటీల షెడ్యూలు నేనే వేస్తాను. ఆదివారం పొద్దున మ్యాచ్ పెట్టనివ్వను. మధ్యాహ్నం ఇష్టమైనవాళ్ళు ఆడతారు, వద్దన్న జట్టుకి సోమవారం ఇస్తాను. ఆ పిల్లల్లో కొందరు నేషనల్స్ దాకా వెళ్ళారు. లిడెల్ కథలో మిగతా భాగం నేను చాలా ఆలస్యంగా చదివాను. చైనాలో జపాన్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, ఆదివారం హాకీ ఆడుతూ పిల్లలు కొట్టుకుంటున్నారని ఆయనే రిఫరీగా నిలబడ్డాడట. వార్డెనమ్మగారికీ టీచరుగారికీ అది చదివి వినిపించాలని ఎంతో అనిపించింది.

లీడరమ్మా, మన కలయికలో ఆదివారం ఆటలు ఆరాధన అయ్యాకే పెట్టించు. శనివారమే విశ్రాంతిదినంగా పాటించే మన అడ్వెంటిస్టు పాపకి ఆ రోజు పనేమీ అప్పగించకు, శుక్రవారమే పేరు రాయించుకో.